నెల విడిచి

బట్లహళ్ళి,
14 జూన్ 2023

వెంకటేశప్ప మామకు,

నిన్న సాయంత్రం పదునుకు సరిపడా వాన పడింది. ఈరోజు పొద్దున్నుంచి పాత టమాట తోటలో ఊతకట్టెలు పెరికాం. అమ్మ, నేను, ఇద్దరు కూలి ఆడవాళ్లు. సగానికి సగం మొదలు దగ్గర కుళ్లిపోయాయి. పట్టి లాగితే పైముక్క చేతికి వస్తుంది, కిందిముక్క భూమిలోనే ఉంటుంది. నాయన గట్టు మీద నిలబడి చూసి, "మునిరాజుకు ఫోన్ చెయ్యల్ల" అన్నాడు.

మునిరాజుకు చింతామణిలో కట్టెల వ్యాపారం. పంట పంటకూ టెంపో నిండా నీలగిరి కట్టెలు తెచ్చి దింపుతాడు. దింపాక టీ తాగుతాడు, తాగుతూ మా తోటకు వంకలు పెడతాడు. ఆ టీ పెట్టేది నేనే.

నా నోరు ఊరుకోలేదు. "ఎందుకు నాయనా, మామ మాదిరి మన గట్ల మీదే పెంచుకుంటే?" అన్నాను.

"మీ మామ మాటలు పెంచుతాడు. కట్టెలు పెంచేది నేను చూడలా" అన్నాడు.

అక్కడితో అయిపోయి ఉంటే ఈ జాబు రాసేదాన్ని కాదు. నాయన స్నేహితుడి కొడుకు లోకేశ్ నందిలో ఒక రిసార్టులో మేనేజరు. అక్కడ నాకు పని ఉందట. బి.కాం. చదివినవాళ్లు కావాలట. "ఏసీలో కూసోని వచ్చినోళ్ల పేర్లు కంప్యూటర్లో ఎక్కించేది. ఆ పని వద్దని ఈడ కుళ్లిన కట్టెలు పెరుకుతాండావు" అన్నాడు నాయన. నేను చేనే చేస్తానన్నాను. మాట పెరిగింది. చివరికి ఇట్లా తేలింది: వచ్చే మాఘం కాదు, ఆ పై మాఘంలో కట్టెలు పాతే వేళకు, కింది చేను ఇరవై గుంటలకూ కావలసిన కట్టెలు మా గట్ల మీద నుంచే రావాలి. బయట నుంచి ఒక్క కట్టె దిగినా నేను నందికి పోవాలి. దిగకుంటే కింది చేను నా చేతికి. ఏం వేయాలో, ఎప్పుడు వేయాలో నా ఇష్టం, నాయన నోరెత్తడు.

కాబట్టి నీ గట్టు మీది గొబ్బరగిడ కొమ్మలు కావాలి. మూడు వందలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. వాట్సాప్‌లో పెడితే అత్త ముందు చదివి, తనకు నచ్చిన సగమే నీకు చెబుతుంది. అందుకే జాబు. నాలుగో తరగతి సెలవుల్లో నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలే ఇవి. బడిలో అంతా కన్నడమే కదా. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపవద్దు.

వినుత


బాగేపల్లి,
20 జూన్ 2023

వినుతమ్మకు,

ఇక్కడ మబ్బు మాత్రమే, వాన లేదు. చెనక్కాయ విత్తనం ఒలిచి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాం. ఈరోజు పని ఎద్దుల కొట్టానికి కప్పు సర్దడం. ఎద్దులు అమ్మి ఆరేళ్లయినా మీ అత్త దాన్ని ఎద్దుల కొట్టమనే అంటుంది, ఇప్పుడు అందులో ఆమె స్కూటీ ఉంటుంది.

ఎర్ర సిరా లేదు గనక ఇక్కడే రాస్తున్నాను. తప్పులు తొమ్మిది. ఒత్తులు ఐదు, దీర్ఘాలు నాలుగు. దీర్ఘం మరిస్తే మాట మారిపోతుందని ఆనాడే చెప్పాను. నేను జన్మలో దీర్ఘం మరవలేదు.

బావ నా మాటల గురించి అన్నది చదివాను. పెళ్లయిన కొత్తలో ఆయన మా చేలో నాగలి పట్టి వేసిన చాలు ఇంకా వంకరగానే ఉందని చెప్పు.

మూడు వందల కొమ్మలు మూడు కట్టలుగా కట్టి బస్సు మీద వేశాను. కండక్టరు నాకు తెలిసినవాడు. చింతామణి బస్టాండులో దించుతాడు, ఎవరినైనా పంపించు. ఆ చెట్టును కన్నడంలో గొబ్బరగిడ అంటారు, ఎరువుకు ఆకు ఇస్తుందని. పుస్తకాల్లో గిరిపుష్పం అని ఉంటుంది. ఏ పేరుతో పిలిచినా వస్తుంది, గర్వం లేని చెట్టు.

నాటే పద్ధతి చెబుతాను. ఏటవాలుగా నరికిన కొస కిందికి, సమంగా నరికిన కొస పైకి. జానెడు లోతు. మొదటి నెల నీళ్లు తప్పనిసరి. పక్క రెమ్మలు గిల్లేస్తూ ఒకే కొమ్మను పైకి పోనివ్వు, అప్పుడే కట్టె వంకర లేకుండా వస్తుంది. ముఖ్యమైన మాట ఒకటుంది, గోడ మీద రాసి పెట్టుకో: కొమ్మ మనిషెత్తు దాటినాక, నెల విడిచి కొట్టు. ఇది మరిచావంటే పడిన పాటంతా వృథా.

ఇప్పుడు నా గట్టు తిరుపతి పోయి వచ్చినవాడి తలలాగా ఉంది. పరవాలేదు, తల ఉన్నవాడికి జుట్టు రాకపోదు.

మామ


బట్లహళ్ళి,
3 సెప్టెంబరు 2023

మామా,

వారం రోజులుగా ముసురు. కలుపు తీయడానికి పోతే కాలికి బురద, తీయకపోతే నాయన నోటికి పని. రెండింట్లో బురదే మేలని పొద్దున కింది చేలోకి దిగాను.

కొమ్మలు నాటి రెండు నెలలయింది. మూడు వందల్లో రెండు వందల యాభై చిగుర్లు వేశాయి. నాటినవాటిలో ఇరవై తలకిందులుగా ఉన్నాయని నిన్న కనిపెట్టాను. ఆ చాలు నాటింది అమ్మ. నాయనకు చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పవద్దు. తలకిందులుగా ఉన్నవాటిలో రెండు కూడా చిగురించాయి. గర్వం లేని చెట్టని నువ్వు రాసింది నిజమే.

నాయన రోజుకొకసారి గట్టు మీదుగా నడుస్తాడు. ఒక్కో మొక్క దగ్గర ఆగి, తన మోకాలితో పోల్చి చూసుకుని ముందుకు పోతాడు. మొన్న మాత్రం, "మోకాలి దాకా వచ్చినాయి. టమాట కూడా మోకాలి దాకా పెంచితే సరిపోతాది" అన్నాడు.

నీ మాట గోడ మీద రాయలేదు. సున్నం వేసి ఆరు నెలలు కూడా కాలేదని అమ్మ ఒప్పుకోలేదు. క్యాలెండరు వెనక రాసి పెట్టుకున్నాను.

నీ గట్టుకు జుట్టు ఎంత వచ్చింది? మోకాలా, నడుమా? నావి ఎంత వెనకబడి ఉన్నాయో చూసుకుందామని అడుగుతున్నాను.

వినుత


బాగేపల్లి,
11 నవంబరు 2023

వినుతమ్మకు,

చలి మొదలయింది. చెనక్కాయ పెరికాం, వాన ఆలస్యమయినందుకు కాయ చిన్నది. ఈరోజు కాయ ఎండబోసి కాకులకు కాపలా కాశాను. చెవి వినపడనివాడిని కాకులు లెక్కచేయవని ఈరోజే తెలిసింది.

మీ అత్త చెవిలో పెట్టుకునే మిషను ఒకటి కొనిపించింది. పెట్టుకుంటే మనుషుల మాటలు తప్ప మిగతావన్నీ వినబడుతున్నాయి. పక్కింటి మిక్సీ, మా ఫ్యాను, నా చొక్కా గుండీ. రెండు రోజులు పెట్టుకుని తీసి డబ్బాలో పెట్టాను. డబ్బాలో కూడా అది కుయ్ కుయ్ మంటోందని మీ అత్త అంటుంది. నాకయితే వినబడదు.

నీ జాబులో తప్పులు నాలుగే. మెరుగుపడ్డావు.

చలికాలంలో ఆకు రాలితే భయపడవద్దు, కొమ్మ చావలేదు. ఎండాకాలంలో పదిహేను రోజులకొక తడి ఇవ్వు. మేకలు ఆ ఆకును పెద్దగా ఇష్టపడవు గాని, పిచ్చి మేకలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. మిరప మడి గట్టు మీద కూడా పది కొమ్మలు వేసి చూడు.

మామ


బట్లహళ్ళి,
8 జూలై 2024

మామా,

ఎండాకాలమంతా జాబు రాయలేదు, కోపం వద్దు. బోరులో నీళ్లు తగ్గి, రోజూ పైపులు మోయడమే సరిపోయింది. జూన్ మొదట్లో మంచి వానలు పడ్డాయి. ఇప్పుడు కింది చేలో టమాట నాటి ఇరవై రోజులయింది.

నీ చెట్లు మనిషెత్తు దాటాయి. నాయన వాటి పక్కన నిలబడి చెయ్యెత్తి చూశాడు, కొస అందలేదు. ఇంటికి పోయాడు. ఆ మరునాడే అమ్మ, నేను కొడవళ్లు నూరి గట్టెక్కాం.

నువ్వు చెప్పినట్టే నెల విడిచి కొట్టాను. ఎంత విడవాలో రాయలేదు గనక మూరెడు విడిచాను. అమ్మ జానెడు చాలదా అంది. పెద్దవాడు గోడ మీద రాసుకొమ్మన్న మాట కదా, తక్కువ ఎందుకని మూరెడే విడిచాను.

కొన్ని చెట్లకు రెండేసి కొమ్మలు వదిలేశాను గనక, పనికొచ్చే కట్టెలు రెండు వందల ఎనభై వచ్చాయి. కొట్టిన రోజే తెచ్చి పాతేశాం. నున్నగా, పచ్చగా, చూడ్డానికి బాగున్నాయి. ఇరవై గుంటలకు తొమ్మిది వందలు కావాలి, మిగిలినవి మునిరాజు దింపాడు. పందెం వచ్చే మాఘానికి కదా, ఈ పంటకు కాదు. అయినా నాయన మునిరాజు ముందర, "ఇవి నా బిడ్డ పండించిన కట్టెలు" అన్నాడు. ఎగతాళికి అన్నాడో, నిజంగా అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు.

వినుత


బాగేపల్లి,
15 జూలై 2024

వినుతమ్మకు,

ఈ జాబులో వాన సంగతి లేదు, పని సంగతి లేదు. నీ జాబు రెండుసార్లు చదివాను. మీ అత్త చేత ఒకసారి గట్టిగా చదివించుకున్నాను, నా కళ్లు కూడా చెవుల దారి పట్టాయేమోనని.

నెల విడిచావు, సరే. మూరెడు విడవడం ఏమిటి? నెలను మూరలతో కొలిచే శాస్త్రం మీ చింతామణి తాలూకాలో ఉందేమో, బాగేపల్లిలో లేదు. నెలకు రోజులుంటాయి, మూరలుండవు.

మనిషెత్తు దాటిన మరునాడే కొడవలి పట్టావా? పచ్చి కట్టె కొట్టిన రోజే భూమిలో పాతావా? వానాకాలంలోనా?

వెంటనే బదులు రాయి.

మామ


బట్లహళ్ళి,
2 ఆగస్టు 2024

మామా,

రోజూ జల్లు. ఈరోజు పని టమాటకు దారం కట్టడం, కట్టెల ఆకులు దూయడం. రెండో పని నా ఒక్కదానికే. ఈ తాలూకాలో ఇంకెవరికీ ఉండదు.

నీ ప్రశ్నలకు జవాబు చేలోనే దొరికింది. నేను పాతిన రెండు వందల ఎనభై కట్టెల్లో రెండు వందలకు పైగా చిగురించాయి. మొదట గణుపుకొక ఆకు వచ్చింది, ముద్దుగా ఉందనుకున్నాను. పది రోజులకు రెమ్మలు సాగాయి. ఇప్పుడు దారిన పోయేవాళ్లు బండి ఆపి, ఏం పంట వేశారని అడుగుతున్నారు.

నాయన తోట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "పాపా, టమాటను కట్టె మోస్తాందా, కట్టెను టమాట మోస్తాందా?" అన్నాడు. అమ్మ ఇంట్లోకి పోయి నవ్వింది. నాకు బయటికి వినబడింది.

నెల సంగతి. క్యాలెండరు వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. నెల విడిచి కొట్టు. బడిలో పదేళ్లు కన్నడం చదివినదాన్ని మామా. నెల అంటే కన్నడంలో భూమి. నెల, జల అని పాఠమే ఉంది మాకు. నువ్వు నేల అని రాయబోయి దీర్ఘం మరిచావో, లేక కన్నడం మాట రాశావో అనుకున్నాను. భూమిని విడిచి, కాస్త పైన కొట్టమన్నావని అర్థం చేసుకున్నాను. ఎంత పైనో రాయలేదు గనక మూరెడు. నోటితో చెప్పి ఉంటే నాకూ నెల అంటే ముప్పై రోజులే. అక్షరాల్లో చూసేసరికి బడి అడ్డమొచ్చింది.

ముప్పై రోజులు ఆగి, ముదిరినాక కొట్టమని నీ మాట. ఇప్పుడు అర్థమయింది. ఇప్పుడు అర్థమయి ఏం లాభం, రోజూ బుట్టెడు ఆకు దూసి టమాట మొదళ్లలో వేస్తున్నాను. ఎరువయినా అవుతుంది.

ఇంకో మాట. నిన్న మునిరాజు వచ్చాడు. నా తోట చూసి, "నా కట్టెలకు ఆకులు రావమ్మా, గ్యారంటీ" అన్నాడు. ఊరుకుంటే బాగుండేది. నేను, "మా బాగేపల్లి మామ ఎప్పుడూ బయట కట్టె కొనలేదు, నేనూ కొనను చూడు" అన్నాను. మునిరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "యా మామ? వెంకటేశప్పనా? ఆయప్పకు పోయినేడు నుంచి నేనే వేస్తాండా కదమ్మా. మిరప తోటకు, కాకర పందిరికి. మొన్న కూడా ఒక టెంపో దించి వచ్చినా" అన్నాడు.

నాయన అక్కడే ఉన్నాడు. నవ్వలేదు. అదే నాకు కష్టమయింది.

లోకేశ్ కూడా ఫోన్ చేశాడట. ఫిబ్రవరిలో చేరేటట్టయితే ఇప్పుడే చెప్పమన్నాడట.

మామా, మునిరాజు చెప్పింది నిజమా?

వినుత


బాగేపల్లి,
14 ఆగస్టు 2024

వినుతమ్మకు,

ఇక్కడ వాన బాగుంది. రాగి నాట్లు వేశాం. ఈరోజు పని కాలువ గట్టు సరిచేయడం. మీ అత్త మోకాలికి నూనె రాసుకుంటోంది. నీ జాబులో తప్పులు రెండే.

చిగురించిన కట్టెను పెరకవద్దు, కదిలిస్తే టమాట వేరు తెగుతుంది. ఆకు దూస్తూ పో.

నెల అనే మాటలో నా తప్పు ఏమీ లేదు. దీర్ఘం మరవలేదు.

మామ


బట్లహళ్ళి,
20 ఆగస్టు 2024

మామా,

నేను అడిగినదానికి బదులు రాలేదు.

వినుత


బాగేపల్లి,
1 సెప్టెంబరు 2024

వినుతమ్మకు,

రెండు రోజులుగా ఎండ కాస్తోంది. పని ఏమీ చేయలేదు. గట్టు మీద కూర్చున్నాను.

మునిరాజు చెప్పింది నిజం.

దానికి ముందు పదకొండేళ్లు నేను బయట కట్టె కొనలేదు, అదీ నిజం. ఏటా కావలసిన కొమ్మలు కోసుకుని, చెట్టును చెట్టుగానే ఉంచేవాడిని. మొదలంటా కొట్టే అవసరం ఎన్నడూ రాలేదు. నువ్వు మూడు వందలు అడిగావు. కొమ్మలు కోస్తే నూరు కూడా రావు. గట్టు మొత్తం కొట్టేశాను. నేలకు సమంగా కొడితే ఒక్కో కొమ్మ జానెడు ఎక్కువ పొడుగు వస్తుందని మట్టికి ఆనించి కొట్టాను. ఆ ఏడు వాన ఆలస్యమయింది. మోళ్లకు చెదలు పట్టాయి. తర్వాత వాన వచ్చినప్పుడు మట్టి కప్పుకుపోయి, మిగిలినవి కుళ్లాయి. నలభై మూడు చెట్లు. ఒక్కటీ లేవలేదు.

నీకోసం పోగొట్టుకున్నానని అనుకోవద్దు. అడిగింది నువ్వే అయినా, అట్లా కొట్టమని నువ్వు చెప్పలేదు. తెలివితక్కువ పని నాది. చెప్పకపోవడానికి కారణం కూడా అదే. ఊరందరికీ పద్ధతులు చెప్పేవాడు తన గట్టు తానే చంపుకున్నాడంటే బావ పదేళ్లు నవ్వుతాడు. చెబితే చెప్పు. ఇంకో పదేళ్లు నవ్వించుకోవడానికి నేను ఉంటాను.

నీ జాబు మళ్లీ తీసి చూశాను. నేలను విడిచి మూరెడు పైన కొట్టానని రాశావు కదా. ఆ మోళ్లు ఏమయ్యాయి? తోట సంగతే రాశావు గాని, గట్టు సంగతి రాయలేదు. పోయి చూడు.

మామ


బట్లహళ్ళి,
9 సెప్టెంబరు 2024

మామా,

నీ జాబు అందిన పూట వాన పడుతోంది. గొడుగు వేసుకుని గట్టు మీదికి పోయాను. రెండు నెలలుగా తోటలో ఆకులు దూసే పనిలో పడి ఆ పక్కకు సరిగా చూడనే లేదు. కలుపు నడుమెత్తు ఉంది, దాంట్లో కలిసిపోయి కనబడలేదు.

ఒక్కో మోడుకు ఏడు, ఎనిమిది కొమ్మలు లేచాయి. మూరెడు ఎత్తు మీద గుత్తిగా పుట్టి, ఒకదానితో ఒకటి పోటీ పడి నిటారుగా పైకి పోతున్నాయి. వంకర లేదు. అప్పుడే నా భుజం దాకా వచ్చాయి. పోయిన ఏడు నాటిన కొమ్మలు ఇంత ఎత్తు రావడానికి తొమ్మిది నెలలు పట్టింది, ఇవి రెండు నెలల్లో వచ్చాయి. చెదలు ఒక్క మోడుకూ లేవు, మట్టి తగిలితే కదా.

తప్పు చదివినందుకు వచ్చింది ఇది. సరిగ్గా చదివి ఉంటే నీలాగా నేలకు ఆనించి కొట్టేదాన్నే.

నీ గట్టు సంగతి నాయనకు చెప్పాను. చెప్పమన్నావు కదా. నవ్వుతాడనే చూశాను. కాసేపు బీడీ కాల్చి, "నలభై మూడు చెట్లా? నాకు ఒక్క మాట చెప్పలేదే" అన్నాడు. అంతే. తర్వాత రాత్రి అన్నం తినేటప్పుడు ఉన్నట్టుండి, "మట్టికి ఆనించి కొట్టినాడంట" అని అమ్మతో అని, అప్పుడు నవ్వాడు. అది మాత్రం చాలాసేపు.

వినుత


బాగేపల్లి,
18 సెప్టెంబరు 2024

వినుతమ్మకు,

వాన వెలిసింది. రాగిలో కలుపు తీస్తున్నారు. నేను వాళ్లకు అడ్డం.

ఎనిమిది కొమ్మలు ఉంచితే ఎనిమిదీ పుల్లలవుతాయి. మోడుకు నాలుగు ఉంచి మిగతావి ఇప్పుడే గిల్లేయి. రెండు వందల యాభై మోళ్లు, నాలుగేసి, నీకు తొమ్మిది వందలు దాటాలి. వంకరవి, పురుగు పట్టినవి పోయినా బొటాబొటిగా సరిపోవాలి.

ఈసారి విను. కాదు, చదువు. పుష్యమాసం రాగానే కొట్టు. ఎక్కడ కొట్టాలో నీకే తెలుసు, ఆ విషయంలో నేను మాట్లాడను. కొట్టినాక మొదలు దగ్గర రెండు జానలు తోలు ఒలిచి, నీడలో నిలబెట్టి, ముప్పై రోజులు ఎండబెట్టు. ముప్పై అని అంకెల్లో కూడా రాస్తున్నాను: 30. ఎండిన కట్టె చిగురించదు.

నవ్వినందుకు బావకు చెప్పు, ఆ వంకర చాలు సంగతి నేను ఇంకా మరవలేదని.

మామ


బట్లహళ్ళి,
12 జనవరి 2025

మామా,

మంచు విపరీతం. పది గంటలకు గాని గట్టు కనబడదు. టమాట నారు నాటి వారమయింది. ఈరోజు పని తోలు ఒలవడం, నిన్నా అదే, రేపూ అదే. చేతులు పచ్చి ఆకు వాసన కొడుతున్నాయి, అన్నం కూడా అదే రుచి.

నాలుగో తేదీ మొదలుపెట్టి మూడు రోజుల్లో కొట్టేశాం. ఈసారి రెండూ విడిచాను. కన్నడం నెల మూరెడు, తెలుగు నెల ముప్పై రోజులు. కొట్టానికి ఆనించి నిలబెట్టాను.

పోయిన పంటలో చిగురించిన కట్టెలు గుర్తున్నాయి కదా. పంట అయిపోయాక పెరకబోతే చాలా వరకు వచ్చాయి, చివరి చాలులో నలభై మాత్రం రాలేదు. వేర్లు పట్టేశాయి. దుక్కికి అడ్డం కాదని వదిలేశాను. ఇప్పుడు తలల మీద గుబురుగా పెరిగాయి. నాయన దాన్ని "వినుత అడవి" అంటాడు.

ఒక చిక్కు ఉంది, నాయనకు చెప్పలేదు. అమ్మ, నేను రెండుసార్లు లెక్కపెట్టాం. వంకరవి, సన్నవి తీసేస్తే ఎనిమిది వందల అరవై మూడు. ముప్పై ఏడు తక్కువ. ఒక్కటి తక్కువయినా మాట మాటే కదా. పక్క చేను వాళ్లను అడిగితే ఇస్తారు, గాని అది బయట కట్టె. అడగను.

లోకేశ్ మళ్లీ ఫోన్ చేశాడు. ఫిబ్రవరి పదో తేదీ చేరాలట.

వినుత


బాగేపల్లి,
20 జనవరి 2025

వినుతమ్మకు,

చలి. పని లేదు.

ముప్పై ఏడు కట్టెలు నా దగ్గర ఉన్నాయి, నీలగిరివి, మునిరాజు వేసినవి. పంపితే ఎవరికీ తెలియదు. పంపను. నువ్వు తీసుకోవు.

బావకు నువ్వే చెప్పు. ఆయన లెక్కపెట్టి తెలుసుకునేదాకా ఆగవద్దు. దాచి పెట్టినవాడి సంగతి నాకు తెలుసు, ఏడాది గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది.

జాబులో తప్పులు లేవు.

మామ


బట్లహళ్ళి,
6 ఫిబ్రవరి 2025

మామా,

చలి తగ్గింది, పొద్దున గాలి వెచ్చగా ఉంది. సోమవారం నుంచి కట్టెలు పాతుతున్నాం. నిన్న సాయంత్రానికి ఎనిమిది వందల అరవై మూడూ అయిపోయాయి.

ముప్పై ఏడు తక్కువని నాయనకు సోమవారమే చెప్పాను. "ఊఁ" అన్నాడు. కట్టెలు మోసుకుని చేలోకి పోయాడు. నేను పెట్టె తీసి నందికి ఏ బట్టలు పనికొస్తాయో చూసుకున్నాను.

నిన్న చివరి చాలు దగ్గరికి వచ్చేసరికి కట్టెలు లేవు. నాయన అక్కడ నిలబడి, నా అడవి వైపు చూశాడు. కొడవలి తెమ్మన్నాడు. గుబురంతా నరికేస్తాడనుకున్నాను. తలల మీది రెమ్మలు మాత్రం కోసి కింద వేసి, ఒక కట్టెను పట్టి ఊపి చూశాడు. కదల్లేదు. "ఇవి యా గట్టువి పాపా?" అన్నాడు.

"మనవే" అన్నాను.

"మరి లెక్కలో ఎందుకు ఏసుకోలేదు? బి.కాం. చదివినావు" అన్నాడు.

దారం ఉండ తీసుకుని, ఆ చాలుకు తనే కట్టడం మొదలుపెట్టాడు. మూడు కట్టెలు మిగిలాయి.

ఈరోజు పొద్దున మునిరాజు పిలవకుండానే వచ్చాడు. ఏటా మాఘంలో వస్తాడు కదా, అలవాటు. నేను టీ పెట్టడానికి లేచాను. నాయన వద్దని చెయ్యి ఊపి, తనే గేటు దగ్గరికి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. మునిరాజు తల తిప్పి కింది చేను వైపు ఒకసారి చూశాడు.

ఈ జాబు నాయన చేతికే ఇస్తున్నాను. తొమ్మిదింబావు బస్సుకు మీ ఊరు వస్తున్నాడు. పట్టుకొచ్చే కట్టలో యాభై కొమ్మలున్నాయి, నీ గట్టుకు. నీళ్లు పోసి నాటు. పెరిగాక కొట్టేటప్పుడు నన్ను అడుగు. లోకేశ్‌కు నాయన రాత్రే ఫోన్ చేశాడు.

మునిరాజు టెంపో కట్టెలతోనే తిరిగి చింతామణికి పోయింది. గురువారం, పొద్దున ఎనిమిదిన్నరకు.

వినుత